డయామాక్స్ గోలీ: తరచుగా అడిగే ప్రశ్నలు

డయామాక్స్ పేరుతో దొరికే ఎసిటజోలమైడ్ గోలీ మీద నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు అవే అనుమానాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఒకరికి కంటి ప్రెషర్‌కని రాస్తారు, ఇంకొకరికి తలనొప్పికి, మరొకరు కేదార్‌నాథ్ పోతున్నామని అడిగి తీసుకుంటారు. గోలీ ఒకటే కాబట్టి ఇంట్లో ఒకరికి మిగిలింది ఇంకొకరు మింగడమూ జరుగుతుంది. ఏ ప్రశ్నకు ఆ జవాబు చాలేలా రాశాం, మీకు కావలసింది చూసుకోండి. ఇక్కడి మోతాదులు మామూలుగా వాడేవి. మీ చీటీలో వేరే లెక్క ఉంటే చీటీనే పాటించండి.

## గోలీ మొదలుపెట్టే ముందు

ఒకటే గోలీ కంటికి, తలకి, కొండ ఎక్కేటోళ్లకి ఎట్ల పనికొస్తది?

ఒంట్లో కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్లతో కలిపి బైకార్బొనేట్‌గా, ఆమ్లంగా విడగొట్టడం దాని పని. కంటి లోపలి నీరు ఊరాలన్నా, మెదడు చుట్టూ ఉండే నీరు ఊరాలన్నా, కిడ్నీలు బైకార్బొనేట్‌ను మూత్రంలో పోనీయకుండా వెనక్కి తీసుకోవాలన్నా ఈ ఎంజైమే కావాలి. ఎసిటజోలమైడ్ దానికి అడ్డం పడుతుంది. కంట్లో నీరు తక్కువ ఊరి ప్రెషర్ దిగుతుంది. తలలోనూ అంతే. కిడ్నీల దారిన బైకార్బొనేట్ పోయి రక్తం కొద్దిగా ఆమ్లం వైపు జరుగుతుంది, అప్పుడు మెదడు ఊపిరి ఎక్కువ తీసుకోమంటుంది. గాలి పలచగా ఉండే కొండల మీద కావలసింది అదే. వేళ్ల తిమ్మిర్లు, సోడా చప్పగా అనిపించడం, కిడ్నీలో రాళ్లు కూడా ఆ ఎంజైమ్ ఆగడం వల్ల వచ్చేవే.

ఇది కొత్తగొచ్చిన మందా?

కాదు. ఎంజైమ్‌ను 1933లో మెల్డ్రమ్, రఫ్టన్ అనే శాస్త్రవేత్తలు కేంబ్రిడ్జ్‌లో కనిపెట్టారు. సల్ఫా మందు ఒకటి దాన్ని ఆపుతుందని 1940లో మాన్, కీలిన్ చూపించారు. ఆ దారిలోనే 1950 ప్రాంతంలో ఎసిటజోలమైడ్ తయారైంది. కంటి ప్రెషర్‌ను తగ్గిస్తుందని 1954లో బెర్నార్డ్ బెకర్ రాశాడు. డెబ్బై ఏళ్లుగా వాడకంలో ఉంది కాబట్టి మంచీ చెడూ రెండూ బాగా తెలిసినవే.

నాకు సల్ఫా పడదు. ఇది వేసుకోవచ్చా?

ఎసిటజోలమైడ్ కూడా సల్ఫా కుటుంబంలోదే, కానీ యాంటీబయాటిక్ సల్ఫాకూ దీనికీ నిర్మాణంలో తేడా ఉంది. అది పడనివాళ్లకు ఇదీ పడదని ఖాయంగా చెప్పలేం. చాలామందికి ఏమీ కాదు. అయినా అప్పుడు ఏమైందన్నది ముఖ్యం. ఒంటిమీద కొద్దిగా దద్దుర్లు లేచి తగ్గి ఉంటే, అవసరాన్ని బట్టి డాక్టరు జాగ్రత్తగా మొదలుపెట్టవచ్చు. నోట్లో పుండ్లు, చర్మం ఊడటం, ముఖం వాచి ఊపిరాడకపోవడం జరిగి ఉంటే ఈ గోలీ జోలికి పోవద్దు. పాత చీటీ ఉంటే తీసుకెళ్లండి. "ఏదో గోలీ పడలే" అంటే డాక్టరు చేతికి ఏమీ దొరకదు.

ఎవరికి ఇవ్వొద్దు?

లివర్ గట్టిపడి సిర్రోసిస్ అయినవాళ్లకు ఇవ్వరు. మూత్రంలో పోవాల్సిన అమ్మోనియా ఒంట్లోనే ఉండిపోయి మనిషి మత్తుగా, తికమకగా అయిపోతాడు. మద్యం వల్ల లివర్ చెడినవాళ్లు ఈ సంగతి దాచొద్దు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకూ, రక్తంలో సోడియం, పొటాషియం ఇప్పటికే తక్కువున్నవాళ్లకూ, అడ్రినల్ గ్రంథి సరిగా పనిచేయనివాళ్లకూ పనికిరాదు. దమ్ము జబ్బు బాగా ముదిరి, ఊపిరే కష్టంగా ఉన్నవాళ్లకు ఇస్తే దవాఖానలో కనిపెట్టుకుని ఇవ్వాలి.

కడుపుతో ఉన్నా. వేసుకోవచ్చా?

మొదటి మూడు నెలలు వీలైనంత వరకు వద్దు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో పిల్లల కాళ్లు చేతుల ఎదుగుదలలో లోపాలు కనిపించాయి. ఆ తర్వాత తల్లి చూపు పోయే పరిస్థితి ఉంటే కంటి డాక్టరు, కాన్పు డాక్టరు కలిసి నిర్ణయిస్తారు. పాలలోకి కొద్దిగానే చేరుతుంది, బిడ్డకు పాలు మాన్పించాల్సిన పని సాధారణంగా ఉండదు. ఇది వాడుతూ కడుపు వచ్చిందని తెలిస్తే గోలీని మీకు మీరే ఆపేయకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి.

ముందు ఏ పరీక్షలు చేయించుకోవాలె?

రెండు మూడు రోజుల వాడకానికి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి సాధారణంగా ఏమీ అక్కర్లేదు. వారాల తరబడి వాడాలంటే క్రియాటినిన్ (కిడ్నీల పని చెప్పే రక్తపరీక్ష), సోడియం, పొటాషియం, బైకార్బొనేట్, రక్తకణాల లెక్క చూస్తారు. మళ్లీ ఒకటి రెండు వారాల్లో, తర్వాత కొన్ని నెలలకోసారి. జిల్లా దవాఖానల్లో క్రియాటినిన్ చేసి బైకార్బొనేట్ వదిలేయడం మామూలే, కానీ ఈ మందు విషయంలో ముందుగా కదిలేది అదే. అడిగి చేయించుకోండి.

మాది మర్రిగూడ. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు పాడైనయ్. ఈ గోలీతో ఇంకా చెడతదా?

మూత్రం క్షారంగా మారితే ఫ్లోరైడ్ కొంచెం ఎక్కువగా బయటికి పోతుంది, ఈ గోలీ మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది కూడా. ఆ లెక్క చూసి దీన్ని ఫ్లోరోసిస్ మందు అనుకోవద్దు. రక్తంలో ఆమ్లం పెరిగి నెలల తరబడి అలాగే ఉంటే ఎముకల్లోంచి కాల్షియం కరుగుతుంది. అందులోనూ ఫిట్స్‌కు ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ వాడేవాళ్లకు ఇది తోడైతే ఎముకలు మెత్తబడే జబ్బు త్వరపడుతుంది. ఎముకలు ముందే దెబ్బతిన్నవాళ్లు గోలీ రాసే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. నాలుగు రోజుల వాడకానికి భయం లేదు. నెలల వాడకమైతే విటమిన్ డి, కాల్షియం, బైకార్బొనేట్ చూపించుకోండి. తాగే నీటి విషయంలో మాత్రం గోలీతో పని లేదు: లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటిన బోరు నీళ్లు తాగొద్దు, వండొద్దు.

## కంటి కోసం రాసినప్పుడు

రాత్రి కన్ను ఎర్రగై, తల పగిలిపోయి, వాంతులైనయ్. కంటి డాక్టరు ఈ గోలీ ఇచ్చిండు. గ్యాస్ అనుకున్నం గదా?

నీటికాసుల (గ్లకోమా) జబ్బులో ఒక రకం ఇలా ఒక్కసారిగా మీద పడుతుంది. కంటి లోపలి నీరు బయటికి పోయే మూల మూసుకుపోయి, కొన్ని గంటల్లో ప్రెషర్ 50, 60 దాటుతుంది. మామూలుగా ఉండేది 10 నుంచి 21. కన్ను రాయిలా గట్టిపడుతుంది, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి, చూపు మసకబారుతుంది. వాంతులు ఎక్కువగా ఉండటంతో ఊర్లో గ్యాస్‌కు, పార్శ్వనొప్పికి సూదులు వేసి పడుకోబెడతారు. ఆ రాత్రి పోయిన చూపు మళ్లీ రాదు.

పెద్దవాళ్లకు ముందు 500 మిల్లీగ్రాములు ఇస్తారు, అంటే 250 గోలీలు రెండు. తర్వాత డాక్టరు చెప్పిన లెక్కన 4 నుంచి 6 గంటలకోసారి 250, రోజంతా కలిపి మామూలుగా 1 గ్రాము దాటకుండా. గోలీ పని మొదలవడానికి గంట, గంటన్నర పడుతుంది. వాంతికి నిలవకపోతే నరానికి సూది వేస్తారు, అది నిమిషాల్లో పట్టుకుంటుంది. మెల్లగా విడుదలయ్యే ఎస్ఆర్ క్యాప్సూల్ ఈ సమయానికి పనికిరాదు. దారిలో వెల్లకిలా పడుకోబెడితే కొంత మేలు. కన్ను ఎర్రబడి, చూపు తగ్గి, వాంతులు ఉన్నాయంటే తెల్లారేదాకా ఆగొద్దు.

నొప్పి పోయింది, ప్రెషర్ దిగింది. లేజర్ ఎందుకు మళ్ల?

మూసుకున్న దారిని గోలీ తెరవలేదు. నీరు ఊరడాన్ని కొన్ని గంటలు తగ్గించింది, అంతే. గోలీ ఆగగానే నీరు మామూలుగా ఊరుతుంది, దారి మూసే ఉంటే ప్రెషర్ మళ్లీ లేస్తుంది. లేజర్‌తో నల్లగుడ్డు పొరకు చిన్న రంధ్రం పెడితే నీటికి ఇంకో దారి దొరుకుతుంది. పది నిమిషాల పని, కోత ఉండదు, ఆ రోజే ఇంటికి పోవచ్చు. నొప్పి లేని రెండో కంటికీ చేయించుకోవాలి, ఎందుకంటే దాని మూల కూడా అంతే ఇరుకు. ముదిరిన కంటి పొర (శుక్లం) ఉబ్బి దారి మూసినవాళ్లకు లేజర్ చాలదు, ఆ శుక్లం తీసేయాలి. ఈ మందు విషయంలో మాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించే తప్పు ఇదే: గోలీతో నొప్పి పోయిందని "నాట్లు అయినంక పోదం" అనడం. నాట్లు అయ్యేసరికి కంటి నరం ఎండిపోయి ఉంటుంది.

కంటి పొర ఆపరేషన్ అయినంక రెండు గోలీలు ఇచ్చిండ్రు. నాకు నీటికాసులు ఉన్నట్టేనా?

అక్కర్లేదు. ఆపరేషన్‌లో కంట్లో నింపే జెల్ కొద్దిగా మిగిలిపోతే మొదటి రోజు ప్రెషర్ పెరుగుతుంది. అది రాకుండా ఒకటి రెండు గోలీలు ఇస్తారు. ఇచ్చినన్ని వేసుకుని ఆపేయాలి. పట్టీలో మిగిలాయని నెలంతా మింగేవాళ్లూ, పక్కింటి అవ్వకు కన్ను మసకంటే ఇచ్చేవాళ్లూ ఉన్నారు. రెండూ వద్దు.

చుక్కల మందు ఉంటే గోలీ ఎందుకు?

ఇదే ఎంజైమ్‌ను ఆపే చుక్కలు డోర్జోలమైడ్, బ్రింజోలమైడ్. డోర్జోలమైడ్ 1990ల నడుమ వచ్చింది, బ్రింజోలమైడ్ 1998లో. అవి వచ్చాక ఏళ్ల తరబడి గోలీ మింగాల్సిన అవసరం చాలామందికి తప్పింది. చుక్క కంట్లోనే ఎక్కువ పని చేస్తుంది, ఒంట్లోకి తక్కువ చేరుతుంది, అందుకే తిమ్మిర్లు, రాళ్లు అరుదు. కానీ ప్రెషర్ బాగా ఎక్కువున్నప్పుడు గోలీకి ఉన్నంత బలం చుక్కకు లేదు. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టండి. గొంతులోకి చేదు దిగదు, మందు కంట్లో నిలుస్తుంది. డోర్జోలమైడ్‌తో టిమోలాల్ కలిపిన సీసా అయితే ఆస్తమా ఉన్నవాళ్లు వాడొద్దు.

నీటికాసులు ఉన్నట్టు మాకు ముందే తెలుస్తది గదా?

నొప్పి లేని రకం అయితే తెలియదు. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, అప్పటి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10 వేలకు పైగా మనుషులను పరీక్షించి చూసింది. గ్లకోమా ఉన్నవాళ్లలో చాలామందికి తమకు ఆ జబ్బు ఉందన్న సంగతే తెలియదు. 40 దాటాక, అన్నదమ్ముల్లో అక్కచెల్లెళ్లలో ఎవరికైనా ఉంటే ఇంకా ముందే, ప్రెషర్‌తో పాటు కంటి నరాన్ని కూడా చూపించుకోండి. అద్దాల షాపులో నంబరు చూసి పంపేస్తే సరిపోదు.

మాది మేనరికం. బాబుకు రేచీకటి, ఈ గోలీ రాసిండ్రు. చూపు తిరిగొస్తదా?

రేచీకటి తెచ్చే రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు మేనరికం ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. అందులో కొందరికి కంటి నడిబొడ్డున, సన్నటి చూపు ఉండే చోట నీటి బుడగలు చేరతాయి. ఆ నీరు తగ్గించడానికే ఈ గోలీ లేదా డోర్జోలమైడ్ చుక్కలు. స్కాన్‌లో వాపు కనిపిస్తేనే ఉపయోగం. వాపు తగ్గితే చదివే చూపు కొంత మెరుగవుతుంది, కొందరిలో కొన్ని నెలలకు మందుకు అలవాటుపడి వాపు మళ్లీ వస్తుంది. అసలు జబ్బును, రేచీకటిని ఇది ఆపదు.

## తల, నరాలు, కాళ్లు చేతులు

లావైనంక తలనొప్పి, చెవుల్ల గుండె కొట్టుకున్నట్టు చప్పుడు. ఈ గోలీ ఇచ్చిండ్రు. ఇదేం జబ్బు?

తలలోని నీటి ఒత్తిడి పెరిగే జబ్బు, మెదడులో గడ్డ ఏదీ లేకుండానే వస్తుంది. పిల్లల్ని కనే వయసులో బరువు పెరిగిన ఆడవాళ్లలో ఎక్కువ. వంగినప్పుడు చూపు క్షణం నల్లబడటం దీని గుర్తు. కంటి నరం వాచి, వదిలేస్తే చూపు పోతుంది. గోలీ మొదలుపెట్టే ముందు ఎంఆర్‌ఐ, దాంతోపాటు మెదడు సిరల స్కాన్ చేయించాలి. కాన్పు తర్వాత, గర్భనిరోధక గోలీల మీద ఉన్నవాళ్లలో సిరలో రక్తం గడ్డకట్టినా ఇవే లక్షణాలు ఉంటాయి, దాని వైద్యం పూర్తిగా వేరు. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, విటమిన్ ఎ మందుల వల్ల కూడా వస్తుంది కనుక అవి వాడుతుంటే చెప్పండి.

మోతాదు కంటికన్నా ఎక్కువ. రోజుకు 500 మిల్లీగ్రాములు రెండుసార్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఉత్తర అమెరికాలో 165 మంది మీద జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో రోజుకు 4 గ్రాముల దాకా ఇచ్చారు. ఉప్పు, బరువు తగ్గించే ఆహారంతో కలిపి 6 నెలలు వాడితే చూపు మైదానం (ఎదురుగా చూస్తూ చుట్టూ ఎంత కనిపిస్తుందన్న పరీక్ష) గోలీ వేసుకున్నవాళ్లలో 1.43 డెసిబెల్, మందు లేని ఉత్తుత్తి గోలీ వాళ్లలో 0.71 డెసిబెల్ మెరుగైంది. తేడా చిన్నదే, కానీ ఉంది. ఉత్తుత్తి గోలీ వాళ్లకూ కొంత మేలైందంటే బరువు తగ్గడానికి ఎంత విలువుందో చూడండి. కంటి నరం వాపును ప్రతి చెకప్‌లో చూపించుకోవాలి, తలనొప్పి తగ్గిందని ఆగొద్దు.

ఫిట్స్‌కు కూడా ఇస్తరా?

ఇస్తారు, వేరే మందులకు తోడుగా. కిలో బరువుకు రోజుకు 8 నుంచి 30 మిల్లీగ్రాముల లెక్క. నెలసరి ముందు ఫిట్స్ ఎక్కువయ్యే ఆడవాళ్లకు ఆ కొద్ది రోజులు మాత్రమే ఇచ్చే పద్ధతీ ఉంది. ఎక్కువకాలం వాడితే ఒంటికి అలవాటై పట్టు తగ్గుతుంది. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తిరగబడతాయి. టోపిరమేట్, జోనిసమైడ్ కూడా ఇదే ఎంజైమ్‌ను కొంత ఆపే మందులు. వాటిలో ఏదైనా ఈ గోలీతో కలిస్తే కిడ్నీ రాళ్లు, రక్తంలో ఆమ్లం పెరుగుతాయి.

పెళ్లిల బిర్యానీ తిని పండుకున్నడు, పొద్దున కాళ్లు లేవలే. ఈ గోలీ రోజూ వాడమన్నరు. నిజమేనా?

పిండి పదార్థం ఎక్కువ తిని పడుకుంటే పొటాషియం ఒక్కసారిగా కండరాల్లోకి దూరి, రక్తంలో తగ్గి, తెల్లవారికి కాళ్లు చేతులు లేవని వంశపారంపర్య జబ్బు ఒకటుంది. దానికి రోజూ 250 మిల్లీగ్రాములు రెండు మూడుసార్లు వేస్తే చాలామందిలో దాడులు తగ్గుతాయి. పొటాషియం తగ్గించే మందు పొటాషియం తగ్గే జబ్బుకు పనికిరావడం వింతగానే ఉంటుంది. రక్తం కాస్త ఆమ్లం కావడం వల్ల కండరం నిలదొక్కుకుంటుందని ఒక వివరణ.

కానీ రాసే ముందు రెండు సంగతులు తేలాలి. థైరాయిడ్ ఎక్కువై వచ్చే ఇలాంటి పక్షవాతానికి ఈ గోలీ పనిచేయదు, థైరాయిడ్‌కే మందు వేయాలి, కాబట్టి టీఎస్‌హెచ్ చూడాలి. కిడ్నీ ఆమ్లాన్ని బయటికి పంపలేని జబ్బుతో పొటాషియం పడిపోయినవాళ్లకు రక్తం ముందే ఆమ్లంగా ఉంటుంది, గోలీ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి బైకార్బొనేట్ చూడాలి. అసలు జబ్బు ఉన్నవాళ్లలో కూడా కొందరికి, జన్యులోపాన్ని బట్టి, దాడులు ఎక్కువవుతాయి. మొదటి వారాల్లో అలా అనిపిస్తే ఆపి చెప్పండి.

నెలలు నిండక పుట్టిన బిడ్డకు తలల నీరు చేరింది. ఈ మందుతో తగ్గుతదా? ఆపరేషన్ తప్పుతదా?

తప్పదు. మెదడులో రక్తస్రావమై నీరు చేరిన 177 మంది పసిపిల్లల మీద జరిగి 1998లో వచ్చిన పరిశోధనలో ఎసిటజోలమైడ్, ఫ్యూరోసమైడ్ (ఒంట్లో నీరు తీసే మందు) కలిపి ఇచ్చిన పిల్లలకే ఎక్కువ చెడు జరిగింది. అప్పటినుంచి ఆ వాడకం మానేశారు.

## కొండలు, యాత్రలు

కేదార్‌నాథ్, అమర్‌నాథ్, లడఖ్ పోతున్నం. అందరం వేసుకోవాల్నా?

మన ఊళ్లు చాలావరకు సముద్రమట్టానికి 500 మీటర్ల లోపే. వైష్ణోదేవి 1,600 మీటర్లకు తక్కువే, దానికి అక్కర్లేదు. కేదార్‌నాథ్ దాదాపు 3,580 మీటర్లు, అమర్‌నాథ్ గుహ 3,880, లేహ్ 3,500. నడిచి రెండు రోజుల్లో ఎక్కేవాళ్లకన్నా విమానంలో నేరుగా లేహ్‌లో దిగేవాళ్లకు ప్రమాదం ఎక్కువ. అటువంటి వాళ్లకు, ఇంతకుముందు కొండ జబ్బు (ఎత్తులో వచ్చే తలనొప్పి, వాంతులు) వచ్చినవాళ్లకు ఈ మందు నిజంగా అక్కరకొస్తుంది. హెలికాప్టర్లో కేదార్‌నాథ్ పోయి దర్శనం చేసుకుని అదే రోజు దిగేవాళ్లకు అవసరం తక్కువ.

మోతాదు 125 మిల్లీగ్రాములు, అంటే 250 గోలీలో సగం, పొద్దున సగం రాత్రి సగం. ఎక్కే ముందు రోజు మొదలుపెట్టి, పై ఎత్తుకు చేరాక రెండు మూడు రోజులు వాడి ఆపాలి. నేపాల్‌లో ట్రెక్కర్లతో జరిగిన పరిశోధనలో 125కూ 375కూ రక్షణలో తేడా కనపడలేదు, కాబట్టి నిండు గోలీ వేసుకుంటే తిమ్మిర్లే ఎక్కువ. యాత్రకు వారం ముందు ఇంట్లో ఒకరోజు వేసి చూసుకోండి, పడదని తెలిసేది ఇంట్లోనైతే మంచిది. పిల్లలకు కిలోకు 2.5 మిల్లీగ్రాముల లెక్కన డాక్టరు చెప్పినప్పుడే.

గోలీ వేసుకున్నం గదా, పైన తలనొప్పి లేస్తే ఇంకా ఎక్కొచ్చా?

వద్దు. తలనొప్పి, వాంతి, నడకలో తూలడం మొదలైతే అక్కడే ఆగాలి. తగ్గకపోతే దిగాలి. దీనికి దిగడాన్ని మించిన మందు లేదు, ఆక్సిజన్ దాని తర్వాతే. మాట తడబడినా, గీత మీద నడవలేకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రైనా సరే దింపండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దు. ఊరి బస్సు, ఒకే ప్యాకేజీ, అందరూ ఒకే రోజు దర్శనం అన్నప్పుడు ఈ లెక్క ఎవరూ పాటించరు, తిప్పలన్నీ అక్కడే.

## వాడుతున్న రోజుల్లో

వేళ్లు, పాదాలు, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతున్నయ్. బంద్ చేయాల్నా?

అక్కర్లేదు. ఈ మందు పనిచేస్తోందనడానికి గుర్తు అదే. చాలామందికి వస్తుంది, గోలీ ఆపితే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కాళ్లు చచ్చుబడినట్టు లేవకపోతే మాత్రం అది తిమ్మిరి కాదు, పొటాషియం తగ్గిందేమో చూపించుకోవాలి.

కూల్‌డ్రింక్ తాగితే చేదుగా, చచ్చినట్టు ఉంది. సీసా పాడైందా?

సీసా బాగానే ఉంది. సోడాలో గ్యాస్ చురుకును నాలుక పసిగట్టేది కూడా ఇదే ఎంజైమ్‌తో. దాన్ని ఆపితే గోలీసోడా, థమ్సప్, బీరు అన్నీ ఇనుప రుచితో చప్పబడతాయి. గోలీ ఆగాక రుచి తిరిగి వస్తుంది.

ఏ టైముల వేసుకోవాలె? రాత్రి పదిసార్లు లేవాల్సొస్తుంది.

రోజుకు రెండుసార్లు రాస్తే, డాక్టరు ఒప్పుకుంటే, రెండో మోతాదు నిద్రవేళకు కాకుండా మధ్యాహ్నం లేదా సాయంత్రం ముందు వేసుకోండి. కంటి దాడిలో 6 గంటలకోసారి చెప్పినప్పుడు మాత్రం రాత్రి మోతాదు మానొద్దు. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి. ఒక పూట మరచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి మోతాదు దగ్గరపడితే దాన్ని వదిలేయండి, రెండు కలిపి మింగొద్దు. మామూలు గోలీ నలిపి తేనెలో ఇవ్వవచ్చు, చేదుగానే ఉంటుంది. ఎస్ఆర్ క్యాప్సూల్ నమలొద్దు, నలపొద్దు. అది ఒక్కరోజంతా మెల్లగా వదలాల్సిన మందు.

ఎండాకాలం రాళ్లొస్తయంటరు. నిజమా?

నిజమే. మూత్రం క్షారమై, రాళ్లను ఆపే సిట్రేట్ తగ్గి, కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లు కడతాయి. 45 డిగ్రీల నల్లగొండ ఎండలో చెమట తీసి మూత్రం చిక్కబడితే ఆ పని ఇంకా తొందరవుతుంది. గుండె, కిడ్నీ జబ్బు లేనివాళ్లు మూత్రం పలచని పసుపు రంగులో ఉండేలా నీళ్లు తాగాలి, మామూలుగా రోజుకు రెండున్నర, మూడు లీటర్లు, పొలంలో ఉంటే ఇంకా ఎక్కువ. గ్యాస్‌కని వంటసోడా, ఈనో రోజూ తాగొద్దు, అది మూత్రాన్ని మరింత క్షారం చేస్తుంది. నడుము పక్క పోటు, మూత్రంలో రక్తం వస్తే ఆగి స్కాన్ చేయించండి. ఇంతకుముందు రాయి పోయినవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి.

పొటాషియం కోసం ఏం తినాలె? బత్తాయి పనికొస్తదా?

వారం లోపు వాడకానికి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. ఎక్కువకాలం వాడితే అరటిపండు, కొబ్బరినీళ్లు, పప్పు, ఆకుకూరలు సరిపోతాయి. మన నల్లగొండ బత్తాయి కూడా మంచిదే, అందులో పొటాషియంతో పాటు సిట్రేట్ కూడా ఉంది. షుగర్ ఉంటే రసం కాకుండా తొనలు తినండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఇవేవీ సొంతంగా ఎక్కువ చేసుకోవద్దు, వాళ్లకు పొటాషియం పెరిగితేనే ప్రమాదం.

షుగర్, బీపీ, గుండె మందులు వాడుతున్న. కలిపి వేసుకోవచ్చా?

అన్నిటికీ కలిపి ఒక జవాబు ఉండదు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు రక్తంలో ఆమ్లం చేరే అవకాశం పెరుగుతుంది, కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ. ఫ్యూరోసమైడ్ వంటి నీటి గోలీలతో పొటాషియం రెండు వైపులా పోతుంది, దాంతో గుండెకు వాడే డిగాక్సిన్ విషంగా మారవచ్చు. ఆస్పిరిన్ నొప్పి మోతాదులో, అంటే రోజుకు అనేక గోలీలు వేసుకునేవాళ్లు, ముసలివాళ్లయితే ముఖ్యంగా, దీంతో కలపొద్దు: ఊపిరి ఎగబీల్చడం, మత్తు వస్తాయి. గుండెకు వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ సంగతి డాక్టరుకు చెబితే చాలు. మానసిక జబ్బుకు వాడే లిథియం స్థాయి తగ్గుతుంది, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ స్థాయి పెరగవచ్చు.

కల్లు తాగొచ్చా? బండి నడపొచ్చా?

గోలీతోనే కొందరికి మగత, అలసట వస్తాయి. కల్లు తోడైతే అది పెరుగుతుంది, ఒంట్లో నీరు కూడా తగ్గుతుంది. మత్తు మందు కలిపిన కల్లు అయితే చెప్పేదే లేదు. బండి విషయానికొస్తే, మొదటి రెండు మూడు రోజులు ఎలా ఉందో చూసుకుని నడపండి. అరుదుగా దూరపు చూపు హఠాత్తుగా మసకబారుతుంది, గోలీ ఆపితే సర్దుకుంటుంది, కానీ ఆ రోజు హైవే ఎక్కొద్దు.

ఏం జరిగితే వెంటనే దవాఖానకు పోవాలె?

జ్వరంతో పాటు ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, చర్మం ఊడటం ఉంటే గోలీ ఆపి అదే రోజు వెళ్లండి. ఒంటిపై కారణం లేకుండా నల్లటి మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, తగ్గని గొంతునొప్పి ఉంటే రక్తకణాలు తగ్గాయేమో చూడాలి. ఊపిరి బాగా వేగమై మనిషి మత్తుగా ఉంటే, కళ్లు పచ్చబడితే, గోలీ మొదలయ్యాక కన్ను కొత్తగా నొప్పిపెట్టి చూపు తగ్గితే కూడా. వెళ్లేటప్పుడు గోలీ పట్టీ వెంట తీసుకెళ్లండి, "నీళ్ల గోలీ" అని చెబితే డ్యూటీ డాక్టరు ఫ్యూరోసమైడ్ అనుకుంటాడు.

## పరిశోధనల్లో ఏం తేలింది

గుండెకు కూడా వాడుతున్నరంట, నిజమేనా?

గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరి దవాఖానలో చేరినవాళ్లకు వాడి చూశారు. బెల్జియంలో 519 మంది మీద జరిగి 2022లో వెలువడిన పరిశోధనలో ఫ్యూరోసమైడ్ జాతి మందుకు తోడు రోజుకు 500 మిల్లీగ్రాముల ఎసిటజోలమైడ్ సూది ఇచ్చారు. మూడు రోజుల్లో వాపు పూర్తిగా పోయినవాళ్లు 42.2 శాతం, ఉత్తుత్తి సూది వాళ్లలో 30.5 శాతం. ఇది దవాఖానలో, రక్తపరీక్షల నడుమ ఇచ్చే సూది. కాళ్లు వాచాయని ఇంట్లో కంటి గోలీ మింగడానికి ఈ పరిశోధన ఆధారం కాదు.

వెంటిలేటర్ మీద ఉన్నోళ్లకు ఇస్తే తొందరగా తీస్తరా?

దమ్ము జబ్బుతో వెంటిలేటర్ మీద ఉన్న 382 మందిలో ఫ్రాన్స్‌లో జరిపి 2016లో వెలువరించిన పరిశోధనలో వెంటిలేటర్ మీద ఉండే సమయం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. రక్తం బాగా క్షారమైన కొందరికి డాక్టర్లు ఇప్పటికీ ఇస్తారు.

క్యాన్సర్‌కు మందు అవుతదని విన్నం.

కొన్ని గడ్డలు ఆక్సిజన్ తక్కువున్న చోట బతకడానికి ఈ ఎంజైమ్‌లోనే ఒక రకాన్ని, తొమ్మిదో నంబరు దాన్ని, ఎక్కువగా తయారుచేసుకుంటాయి. దాన్ని మాత్రమే ఆపే కొత్త మందుల మీద మనుషుల్లో తొలిదశ పరీక్షలు జరిగాయి. డయామాక్స్ ఆ పనికి వాడే మందు కాదు. క్యాన్సర్ వైద్యం ఆపి ఇది వాడమని ఎవరైనా చెబితే నమ్మొద్దు.